మా నాన్న ఫ్యాక్టరీ మూతబడింది కదా మేడమ్, మరి మేలు జరిగింది ఎవరికి?

ప్రశ్న: నేను డిగ్రీ విద్యార్థులకు ఎకనామిక్స్ చెబుతాను. పోయిన నెల 18వ శతాబ్దపు ఆర్థికవేత్త ఆడమ్ స్మిత్ పాఠం తీశాను. ఎవరి లాభం వాళ్లు చూసుకున్నా, పోటీ ఉంటే చివరికి అందరికీ మేలు జరుగుతుందని, దేశాల మధ్య సరుకు స్వేచ్ఛగా తిరిగితే పేదరికం తగ్గుతుందని ఎప్పటిలాగే చెప్పుకుంటూ పోయాను. వెనక బెంచీలోంచి ఒక అబ్బాయి లేచాడు. "అంటే స్వార్థం మంచిదంటారా మేడమ్? విదేశీ సరుకు చవగ్గా వచ్చి పడటంతో మా నాన్న పనిచేసే ఫ్యాక్టరీ మూతబడింది. ఆయన జీవితమంతా అక్కడే పనిచేశారు. మరి మాకు జరిగిన మేలేమిటి?" అన్నాడు. నాకు ఏం చెప్పాలో తోచలేదు. "అది తర్వాతి యూనిట్‌లో వస్తుంది" అని తప్పించుకున్నాను. తర్వాతి యూనిట్‌లోనూ దానికి జవాబు లేదు. ఆ క్లాసుకి వెళ్లాలంటేనే టెన్షన్‌గా ఉంటోంది. అసలు నేను చెబుతున్నది నిజమేనా? నిజమైతే ఆ అబ్బాయికి ఏమని చెప్పాలి?
– పేరు వేయవద్దన్న ఒక లెక్చరర్

జవాబు: లెక్చరర్ గారూ,

ఆ అబ్బాయి ఒక్క గుక్కలో రెండు ప్రశ్నలు అడిగాడు. స్వార్థం మంచిదా అన్నది ఒకటి. మా నాన్నకు జరిగిన నష్టం మాటేమిటన్నది రెండోది. మొదటిదానికి మీ పాఠంలోనే జవాబుంది, కాకపోతే సిలబస్ పూర్తిచేసే తొందరలో దాన్ని సగమే చెబుతుంటాం. రెండోదానికి చాలా పాఠ్యపుస్తకాల్లో ఒక పేరా కూడా కేటాయించరు. మీరు చేయకూడని పని ఒక్కటే: మొదటి ప్రశ్నకున్న జవాబు తెచ్చి రెండో ప్రశ్నకు అతికించడం. "దేశం మొత్తం మీద లాభమే బాబూ" అన్నారనుకోండి, అది నిజమే కావచ్చు. అతని చెవికి మాత్రం ఎద్దు పుండు కాకికి నొప్పా అన్నట్టే ఉంటుంది.

ముందు స్వార్థం సంగతి చూద్దాం.

స్మిత్ స్వార్థాన్ని ఎక్కడా నెత్తికెత్తుకోలేదు. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ఆయన బోధించింది నీతిశాస్త్రం. మనం పాఠంగా చెప్పే 1776 నాటి ‘వెల్త్ ఆఫ్ నేషన్స్’ పుస్తకానికి 17 ఏళ్ల ముందే, మనిషికి సాటి మనిషి మీద సానుభూతి ఎలా కలుగుతుందన్న విషయం మీద ఒక పుస్తకం రాశాడు. వ్యాపారుల మీద ఆయనకు భ్రమలేమీ లేవు. ఒకే వ్యాపారంలో ఉన్నవాళ్లు నలుగురు ఒకచోట చేరితే, సరదాకి కలిసినా సరే, మాటలు చివరికి ధరలు పెంచే పన్నాగం దాకా వెళ్తాయన్నది ఆయనే. ఈస్టిండియా కంపెనీని ఎంత ఘాటుగా విమర్శించాడో చాలామంది విద్యార్థులకు తెలియదు. ఆ భాగం ఒక పూట క్లాసులో చదివి వినిపించండి. సగం అపోహలు అక్కడే తీరిపోతాయి.

ఆ కంపెనీనే తీసుకోండి. దాని వాటాదారులది స్వార్థమే. పోటీ మధ్య సరుకు అమ్ముకునే మామూలు వ్యాపారిదీ స్వార్థమే. కంపెనీకి రాజముద్ర వేసిచ్చిన గుత్తాధిపత్యం ఉంది, వెనక సైన్యం ఉంది. ఆ ధరకు నేనివ్వను అని నేతగాడు అంటే చెల్లే పరిస్థితి లేదు. మామూలు వ్యాపారి దగ్గరికొచ్చిన మనిషి మాత్రం "వద్దులెండి" అని ఇంకో దుకాణానికి వెళ్లిపోగలడు. అవతలివాడికి వద్దనే వీలున్నప్పుడు, నా లాభం కోసమైనా అతనికి పనికొచ్చేదేదో నేను ఇచ్చి తీరాలి. ఆ వీలు పోయిందంటే అదే స్వార్థం దోపిడీ అవుతుంది. లంచం కోసం ఫైలు ఆపే గుమస్తాదీ, లైసెన్సు తనొక్కడికే దక్కేలా పైరవీ చేసే కంపెనీదీ స్వార్థమే మరి. స్వార్థం ఉంటే చాలు సంపద పుడుతుందంటే, లోకంలో పేద దేశమన్నదే ఉండకూడదు. స్వార్థానికి ఏ దేశంలోనూ కరువు లేదు.

కాబట్టి "స్వార్థం మంచిదా?" అన్నదానికి మీ జవాబు ఇలా మొదలుపెట్టవచ్చు: మంచిదని నేననడం లేదు, అది ఉంటుందంటున్నాను. దాన్ని ఎలాంటి ఏర్పాటులో పెడితే పక్కవాడికి పనికొస్తుందన్నదే మన పాఠం.

దీన్ని కళ్లకు కట్టినట్టు చూపించే సంగతి ఒకటి చైనాలో జరిగింది. అన్హుయి రాష్ట్రంలో షియావోగాంగ్ అని ఒక పల్లె. అప్పట్లో సాగంతా కమ్యూన్ పద్ధతిలో ఉండేది. పొలం అందరిదీ, పండిందీ అందరిదీ. ఒళ్లు వంచి పనిచేసినవాడికీ, గట్టున కూర్చున్నవాడికీ వాటాలో పెద్ద తేడా ఉండదు. అక్కడివాళ్లు పంట చాలక అడుక్కోవడానికి ఊళ్లు పట్టుకు తిరిగిన రోజులున్నాయి. 1978 చివర్లో 18 మంది రైతులు గుట్టుగా ఒక ఇంట్లో చేరి ఒక ఒప్పందం రాసుకున్నారు. పొలాన్ని కుటుంబాల వారీగా పంచుకుంటాం, ప్రభుత్వానికి కట్టాల్సిన కోటా కట్టేశాక మిగిలింది ఎవరిది వాళ్లే ఉంచుకుంటాం అన్నది దాని సారాంశం. చట్టప్రకారం అది నేరం. అందుకని ఇంకో మాట కూడా చేర్చారు: విషయం బయటపడి ఎవరైనా జైలుకు పోతే, వాళ్ల పిల్లలను 18 ఏళ్లు వచ్చేదాకా మిగతావాళ్లు పెంచాలి. కింద వేలిముద్రలు వేశారు.

మరుసటి ఏడాది అదే నేల, అవే చేతులు. పంట మాత్రం ఎన్నో రెట్లు పెరిగింది. వాళ్లను జైల్లో పెట్టలేదు సరికదా, కొన్నేళ్లలో దేశమంతటా ఆ పద్ధతికే ప్రభుత్వం పచ్చజెండా ఊపింది. ఆ కాగితంలో నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా తోచేది పిల్లల షరతు. నా పంట నాకే అని రాసుకున్న అదే మనుషులు, అదే కాగితంలో నీ పిల్లలు నా పిల్లలని రాసుకున్నారు. స్వలాభం చూసుకునేవాడు పక్కవాడిని పట్టించుకోడని ఎవరన్నారో గానీ, ఈ 18 మందిని చూసి ఉండరు.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త తీసుకోండి. ఇది విదేశీ వాణిజ్యం కథ కాదు. చైనాలో పేదరికం తగ్గడం మొదలైంది పొలంలో. 1980లో షెన్‌జెన్ లాంటి ప్రత్యేక ఆర్థిక మండళ్లు వచ్చాక ఎగుమతులు పెరగసాగాయి, 2001లో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరాక అవి ఊపందుకున్నాయి. 40 ఏళ్లలో దాదాపు 80 కోట్ల మంది అక్కడ తీవ్ర పేదరికం నుంచి బయటపడ్డారని ప్రపంచ బ్యాంకు లెక్క. మొత్తం ఘనతను ఎగుమతుల ఖాతాలో రాసేయడం మన ఎకనామిక్స్ వాళ్లకు ఒక అలవాటు. మీరు రాయకండి. తెలివైన విద్యార్థి ఎవరైనా పట్టుకుంటాడు, పట్టుకున్నాక మిగతా పాఠం కూడా నమ్మడు.

మరి సరుకు సరిహద్దు దాటితే అదనంగా ఒరిగేదేమిటి? దీనికి ఇంగ్లాండు ఆర్థికవేత్త డేవిడ్ రికార్డో 1817లో వేసిన లెక్కకు మించినది నాకు ఇప్పటికీ దొరకలేదు. బోర్డు మీద నాలుగంకెలు రాస్తే చాలు. ఇంగ్లాండులో కొంత బట్ట నేయాలంటే ఏడాదికి 100 మంది కావాలి, కొంత వైన్ తీయాలంటే 120 మంది. పోర్చుగల్‌లో అంతే బట్టకు 90 మంది చాలు, అంతే వైన్‌కు 80 మంది చాలు. పిల్లల్ని ఇక్కడ ఆగి ఆలోచించమనండి. రెండు పనుల్లోనూ పోర్చుగలే మెరుగు కదా, దానికి ఇంగ్లాండుతో పనేమిటి అంటారు. అనాలి కూడా. అప్పుడు కూడిక చేయించండి. ఎవరి బట్ట వాళ్లు, ఎవరి వైన్ వాళ్లు తయారుచేసుకుంటే రెండు దేశాల్లో కలిపి 390 మంది శ్రమ పడుతుంది. ఇంగ్లాండు బట్ట ఒక్కటే రెండింతలు నేసి, పోర్చుగల్ వైన్ ఒక్కటే రెండింతలు తీసి, సగం సగం మార్చుకుంటే 360 మందితో అదే సరుకు వస్తుంది. ఇంగ్లాండు వైన్ కోసం 120 మంది బదులు 100 మందిని పెడుతోంది. పోర్చుగల్ బట్ట కోసం 90 మంది బదులు 80 మందిని పెడుతోంది. ఇద్దరికీ మిగిలింది. ఒకరి జేబులోంచి తీసి ఇంకొకరి జేబులో వేసిన డబ్బు కాదిది. 30 మంది ఏడాది శ్రమ కొత్తగా చేతికొచ్చింది. సంపద పుట్టడమంటే ఇదే.

ఈ లెక్క పూర్తయ్యాక, ఆ అబ్బాయి మళ్లీ లేవకముందే, మీరే దానిలోని లొసుగు చూపించండి. పోర్చుగల్‌లో బట్ట నేసే 90 మంది ఏమయ్యారు? లెక్క ప్రకారం వాళ్లు మగ్గం దిగి నేరుగా ద్రాక్షతోటకు వెళ్లిపోయారు. దారిఖర్చు లేదు, కొత్త పని నేర్చుకోవడానికి పట్టే కాలం లేదు, ఇంటి అప్పు లేదు, వయసు మీరడం లేదు. దేశానికి లాభమని రికార్డో చూపించాడు. ప్రతి నేతగాడికీ లాభమని చూపించలేదు. మీ విద్యార్థి తండ్రి ఈ బోర్డు మీద ఎక్కడున్నాడంటే, సరిగ్గా ఆ 90 మందిలో ఉన్నాడు.

ఆ సంగతికి వస్తాను. ముందు పేదరికం దగ్గర ఇంకొంచెం ఆగాలి. వాణిజ్యం పేదవాడి దాకా ఎలా చేరుతుందన్నది అంకెల్లో కనబడదు.

బంగ్లాదేశ్ సంగతి చూడండి. 1970ల చివరిదాకా అక్కడ ఎగుమతి చేసే రెడీమేడ్ దుస్తుల పరిశ్రమ దాదాపు లేదు. అప్పటికి ధనిక దేశాలు, దక్షిణ కొరియా లాంటి దేశాల నుంచి వచ్చే దుస్తులకు, ఇంతకు మించి రాకూడదని కోటాలు పెట్టి ఉన్నాయి. దాంతో కొరియా కంపెనీ దేవూ, కోటా అడ్డులేని దేశం కోసం వెతుక్కుంటూ వచ్చి దేశ్ గార్మెంట్స్ అనే బంగ్లాదేశ్ కంపెనీతో చేతులు కలిపింది. 1979లో 130 మంది బంగ్లాదేశీలు కొరియా వెళ్లి దేవూ ఫ్యాక్టరీలో పని నేర్చుకుని వచ్చారు. 1980లో దేశ్ గార్మెంట్స్ 43 వేల చొక్కాలు కుట్టింది. 1987కి అది 23 లక్షలకు చేరింది. అసలు విశేషం ఆ చొక్కాల్లో లేదు. శిక్షణ పొంది వచ్చిన ఆ 130 మందిలో చాలామంది కొన్నేళ్లలోనే ఉద్యోగం వదిలేశారు. కొందరు సొంతంగా ఫ్యాక్టరీలు పెట్టుకున్నారు, కొందరు ఎక్కువ జీతమిచ్చే కొత్త కంపెనీల్లో చేరారు. మా ఖర్చుతో నేర్చుకుని మాకే ఎసరు పెట్టారని యజమాని అనుకుని ఉంటే తప్పులేదు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే అదే కదా! కానీ వాళ్లు అలా వెళ్లకపోతే ఆ విద్య ఒక్క గోడల మధ్యే ఉండిపోయేది. వాళ్లతో పాటు కుట్టు, కటింగ్, ఎగుమతి కాగితాలు, విదేశీ కొనుగోలుదారుతో బేరం, అన్నీ బయటికొచ్చాయి. ఈరోజు ఆ పరిశ్రమలో సుమారు 40 లక్షల మంది పనిచేస్తున్నారు, వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. దేశ ఎగుమతి ఆదాయంలో ఐదింట నాలుగు వంతులు దుస్తులదే. దుస్తుల ఫ్యాక్టరీలకు దగ్గర్లోని ఊళ్లలో ఆడపిల్లలు ఎక్కువ కాలం చదువుకుంటున్నారని, పెళ్లి కాస్త ఆలస్యంగా జరుగుతోందని పరిశోధకులు గమనించారు. లెక్కలు వచ్చిన పిల్లకు ఫ్యాక్టరీలో మంచి పని దొరుకుతుందని తెలిశాక, ఆ తల్లిదండ్రులకు బడి ఖర్చు దండగ అనిపించలేదు. 2005లో ప్రపంచవ్యాప్తంగా ఆ కోటాలు పోయినప్పుడు బంగ్లాదేశ్ పని అయిపోయిందని చాలామంది జోస్యం చెప్పారు. పరిశ్రమ ఇంకా పెరిగింది.

ఇదే బంగ్లాదేశ్‌లో 2013 ఏప్రిల్ 24న రాణా ప్లాజా అనే భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. ఈ రెండో సగం చెప్పకుండా మొదటి సగం చెప్పకండి. ముందురోజే గోడల్లో పగుళ్లు కనబడ్డాయి. ఆ భవనంలోనే ఉన్న ఒక బ్యాంకు శాఖ తన సిబ్బందిని పంపేసింది. పై అంతస్తుల్లోని దుస్తుల ఫ్యాక్టరీల కార్మికులను మాత్రం మర్నాడు పనిలోకి రమ్మన్నారు. రాకపోతే జీతం పోతుందని భయపడి వచ్చారు. ఇందాక చెప్పిన "వద్దు" అనే వీలు అంటే ఇదే. ఒకే కప్పు కింద బ్యాంకు ఉద్యోగికి అది ఉంది, కుట్టుపని చేసే అమ్మాయికి లేదు. ఆ తర్వాత విదేశీ బ్రాండ్లు, కార్మిక సంఘాలు కలిసి చట్టబద్ధమైన భద్రతా ఒప్పందం చేసుకున్నాయి, ఫ్యాక్టరీలకు ఇంజినీర్ల తనిఖీలు మొదలయ్యాయి. ఇంకో దేశపు కొనుగోలుదారు "నాకు ఈ పద్ధతి వద్దు" అంటే యజమాని వినక తప్పలేదు. వాణిజ్యమే ఆ ఒత్తిడి తెచ్చిందనడం అతిశయోక్తి అవుతుంది. వెయ్యి మందికి పైగా చనిపోయాక గానీ రాలేదు కదా.

ప్రపంచం మొత్తం మీద చూస్తే, రోజుకు 2.15 డాలర్ల లోపు బతికేవాళ్లు 1990లో జనాభాలో సుమారు 38 శాతం. 2019 నాటికి 9 శాతం దాకా తగ్గారు. మనుషుల సంఖ్యలో చెప్పాలంటే దాదాపు 200 కోట్ల నుంచి 70 కోట్లకు. ఈ మధ్యలో ప్రపంచ జనాభా 200 కోట్లకు పైగా పెరిగింది. దీనికి టీకాలు, రోడ్లు, చదువు, వ్యవసాయం, అన్నీ కారణాలే. కానీ తలుపులు మూసుకుని కూర్చుని, అమ్మేందుకు ఏమీ లేకుండా ఇంత వేగంగా పేదరికం తగ్గించిన దేశాన్ని ఎవరైనా చూపిస్తే నేను నా అభిప్రాయం మార్చుకుంటాను.

ఎవరైనా కొరియా పేరెత్తుతారు, సిద్ధంగా ఉండండి. 1964లో దక్షిణ కొరియా ఎగుమతులు 10 కోట్ల డాలర్లు. అమ్మేవాటిలో జుట్టు విగ్గులు కూడా ఉండేవి. 1977కి ఎగుమతులు 1,000 కోట్ల డాలర్లకు చేరాయి. "కానీ అక్కడి ప్రభుత్వం దిగుమతులు అడ్డుకుంది, తన కంపెనీలకు చవక అప్పులిచ్చింది, అది స్వేచ్ఛా వాణిజ్యం ఎలా అవుతుంది?" అంటారు. ఒప్పుకోండి, నిజమే. ఒక్కటి మాత్రం చూపించండి. ఆ కంపెనీలకు సాయం ఊరికే దొరకలేదు, విదేశంలో అమ్మి చూపించాలి. ఇంట్లో మన మంత్రిని మంచి చేసుకోవచ్చు, పరాయి దేశంలో కొనేవాడిని ఏం చేస్తారు? సరుకు బాగాలేకపోతే వాడు వద్దంటాడు. రక్షణ ఇచ్చి, ఆ పరీక్ష పెట్టని దేశాల్లో కంపెనీలు ముద్దుబిడ్డల్లా ఒళ్లు పెంచుకున్నాయి తప్ప ఎదగలేదు.

ఇప్పుడు ఆ అబ్బాయి రెండో ప్రశ్న. దీని గురించి ఆర్థికవేత్తలకే చాలా ఆలస్యంగా కళ్లు తెరుచుకున్నాయి. చైనా దిగుమతుల పోటీ వల్ల 1999, 2011 మధ్య అమెరికాలో 20 నుంచి 24 లక్షల ఉద్యోగాలు పోయాయని ఆర్థికవేత్త డేవిడ్ ఆటర్, ఆయన సహచరులు లెక్కగట్టారు. అంత పెద్ద దేశంలో అది మరీ పెద్ద సంఖ్య కాకపోవచ్చు. కానీ ఆ ఉద్యోగాలు దేశమంతా సమానంగా పోలేదు. ఫర్నిచర్, బట్టలు తయారుచేసే కొన్ని ఊళ్లలోనే కుప్పగా పోయాయి. పని పోయినవాళ్లు వేరే ఊరికి వెళ్లి వేరే పని చూసుకుంటారని పుస్తకాలు అన్నాయి. చాలామంది వెళ్లలేదు. పదేళ్లు గడిచినా ఆ ఊళ్లు కోలుకోలేదు. చవక సరుకు వల్ల కలిగే లాభం ప్రతి ఇంటికీ చిటికెడు చొప్పున పంచబడుతుంది, ఎవరూ గమనించరు. నష్టం మాత్రం ఒక ఇంటి మీద మొత్తంగా పడుతుంది. ఆ ఇల్లే మీ క్లాసులో లేచి నిలబడింది.

అయితే దిగుమతి సుంకాలు పెంచి ఆ ఫ్యాక్టరీని కాపాడి ఉండాల్సిందా? అతను తప్పకుండా అడుగుతాడు. అడిగితే 2018లో అమెరికా వాషింగ్ మెషీన్ల మీద వేసిన సుంకం సంగతి చెప్పండి. దిగుమతి మెషీన్ల ధరే కాదు, దేశంలో తయారయ్యేవాటి ధర కూడా పెరిగింది. వింతేమిటంటే, బట్టలు ఆరబెట్టే మెషీన్ల ధర కూడా పెరిగింది. వాటి మీద సుంకమే లేదు! రెండూ జంటగా కొనే అలవాటు కాబట్టి కంపెనీలు అవకాశం వాడుకున్నాయి. దాంతో కొత్తగా వచ్చిన ఉద్యోగాలు సుమారు 1,800 అని, ఒక్కో ఉద్యోగానికి కొనుగోలుదారుల మీద పడిన భారం 8 లక్షల డాలర్లకు పైనే అని దాన్ని పరిశీలించిన ఆర్థికవేత్తలు తేల్చారు. ఆ డబ్బులో పదో వంతు నేరుగా కార్మికుడి చేతిలో పెట్టినా అతని కుటుంబం ఏళ్లపాటు నిశ్చింతగా ఉండేది. సుంకం కావాలని పైరవీ చేసేదీ స్వార్థమే కదా, అదేమీ దేశభక్తి కాదు. ఒక దేశం మొదలుపెడితే మిగతావీ ఊరుకోవు. 1930లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు వెయ్యి మందికి పైగా ఆర్థికవేత్తలు వద్దని సంతకాలు పెట్టారు. ఎవరూ వినలేదు. ఇతర దేశాలు బదులు తీర్చుకున్నాయి, అసలే మాంద్యంలో ఉన్న ప్రపంచ వాణిజ్యం ఇంకా కుంగిపోయింది.

కాపాడాల్సింది మనిషిని. ఈ విషయంలో నాకు డెన్మార్క్ పద్ధతి నచ్చుతుంది. అక్కడ కంపెనీ మనిషిని తీసేయడం తేలికే. కానీ నిరుద్యోగ బీమాలో చేరి ఉన్నవాళ్లకు రెండేళ్ల దాకా భృతి వస్తుంది, తక్కువ జీతగాళ్లకైతే అది పాత జీతంలో 90 శాతం దాకా ఉంటుంది. ఆపైన కొత్త పనికి శిక్షణ ఉంటుంది. ఖర్చు ఎక్కువే, పన్నులూ ఎక్కువే. అమెరికా కూడా 1962లోనే దిగుమతుల వల్ల పని పోయినవాళ్లకు సాయమని ఒక పథకం పెట్టింది. అది ఎప్పుడూ అవసరానికి తగ్గంత పెరగలేదు, 2022లో గడువు తీరితే పొడిగించలేదు కూడా. వాణిజ్యం వల్ల పోర్చుగల్‌కు మిగిలిన ఆ 10 మంది శ్రమలో కొంత పక్కకు తీసి ఆ 90 మందికి ఇవ్వడమన్నది రికార్డో బోర్డు మీద చాలా తేలిక. బయట మాత్రం లాభపడినవాళ్లు తమంతట తాము ఇవ్వరు, ప్రభుత్వాలు అడగవు. మీ విద్యార్థి కోపం న్యాయమైనది ఇక్కడే. అతని కోపాన్ని వాణిజ్యం మీదనుంచి ఈ చోటికి మళ్లించగలిగితే మీ పాఠం పాఠమైనట్టే.

ఇక మీరు చేయాల్సింది. ముందు అతనితో క్లాసు బయట మాట్లాడండి. అందరి ముందూ సొంత ఇంటి సంగతి మళ్లీ చెప్పుకోవడం ఏ కుర్రాడికైనా ఇబ్బందే. "ఆ రోజు నీ ప్రశ్న దాటవేశాను, అది మంచి ప్రశ్న" అనండి చాలు. తర్వాత క్లాసులో అతని ఇంటి ప్రస్తావన లేకుండా, పోర్చుగల్ నేతగాళ్ల మీదుగా ఆ ప్రశ్నను మీరే లేవనెత్తండి. ఒక పీరియడ్‌లో తేలదు, రెండు తీసుకోండి. చివర్లో అతను ఒప్పుకోవాలని మాత్రం ఆశించకండి. తండ్రి పని పోయిన ఏడాదిలో ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోవాల్సిన అవసరమూ లేదు.

ఒక్క విషయం మాత్రం మీ ఉత్తరంలో లేదు. ఫ్యాక్టరీ మూసేటప్పుడు ఆ తండ్రికి రావాల్సిన బకాయిలు, ఫండ్, పరిహారం వచ్చాయా? చాలా చోట్ల కార్మికులు కాగితాలు సరిగా లేక, గడువులు తెలియక వాటిని వదులుకుంటారు. మీ కాలేజీలో కామర్స్, లా చెప్పేవాళ్లు ఉంటారు కదా, వాళ్లలో ఒకరిని ఆ కాగితాలు చూడమనండి. అలాగే ఈ అబ్బాయి చదువు మానేసి పనిలో చేరే ఆలోచనలో ఉన్నాడేమో కనుక్కోండి. అలా ఉంటే పాఠం వచ్చే వారం చెప్పుకోవచ్చు, ఫీజు సంగతి ఈ వారమే ప్రిన్సిపాల్‌తో మాట్లాడండి.